వాక్యూమ్ గేజీలో 12 చూపిస్తోంది, కార్పెట్ మాత్రం ఆరడం లేదు: రిలీఫ్ వాల్వ్ బిగించాలా?

చిత్తూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: సెకండ్ హ్యాండ్‌లో కార్పెట్ క్లీనింగ్ వ్యాన్ కొన్నారు. పెట్రోల్ ఇంజన్, బెల్టుతో తిరిగే ట్విన్ లోబ్ బ్లోవర్ (గాలిని లాగి వాక్యూమ్ పుట్టించే పంపు). ఒక లాడ్జిలో మూడో అంతస్తు కారిడార్ కార్పెట్ కడిగితే రెండు రోజులైనా ఆరలేదు, మేనేజర్ డబ్బులు ఆపేశాడు. కింద వ్యాన్ దగ్గర 50 అడుగులు రెండంగుళాల హోస్, పైన 100 అడుగులు ఒకటిన్నర అంగుళం హోస్ వాడారు. పని జరుగుతున్నప్పుడు గేజీ 12 అంగుళాలు చూపిస్తోంది. మెకానిక్ ఏమో రిలీఫ్ వాల్వ్ బిగించి 15కి తెద్దాం అంటున్నాడు. బిగించమంటారా?

వద్దండీ. లాగుడు హద్దు దాటితే తెరుచుకుని, బయటి గాలిని లోపలికి వదిలి బ్లోవర్‌ను కాపాడేది ఆ వాల్వ్. దాని జోలికి ఇప్పుడే పోవద్దు. పని చేస్తుండగా గేజీ 12 చూపిస్తోందంటే బ్లోవర్ తన వంతు లాగుతోంది. ఆ లాగుడు కార్పెట్ దాకా చేరడం లేదు, అంతే. కొబ్బరిబోండాం తాగేటప్పుడు స్ట్రాకు లోపలి గుజ్జు అడ్డం పడితే ఏమవుతుంది? బుగ్గలు లోపలికి పోతాయి గానీ నోట్లోకి నీళ్లు రావు. ఆ బుగ్గలు లోపలికి పోవడమే మీ గేజీలో కనిపించే 12. మీ మెకానిక్ ఇంకా గట్టిగా పీల్చమంటున్నాడు. మీరు చేయాల్సింది స్ట్రా చూడటం.

నేను తిరుపతిలో పదమూడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. లాడ్జీలు, కల్యాణ మండపాలు, హోటళ్ల బాంక్వెట్ హాళ్లు. మొదట చేత్తో తోసుకుపోయే చిన్న మెషీన్, ఆ తర్వాత వ్యాన్. మీరు చెప్పిన పొరపాటు నేనూ చేశాను, 15కి బిగించి ఒక బ్లోవర్ పోగొట్టుకున్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఈ పనిలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి లాగుడు బలం, అంటే గేజీలో అంగుళాల పాదరసంలో కనిపించేది. (మన దగ్గర దొరికే గేజీల మీద చాలాసార్లు 0 నుంచి 760 మిల్లీమీటర్లు ఉంటుంది. అంగుళానికి 25.4 లెక్కన 12 అంగుళాలంటే సుమారు 305.) రెండోది గాలి ఎంత నడుస్తోందన్నది, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులన్నది, సీఎఫ్ఎం అంటామే అది. కార్పెట్ కుచ్చుల్లోంచి నీటిని ఊడదీసి ట్యాంకు దాకా మోసుకొచ్చేది ఈ రెండోదే. నడిచే గాలి లేకుండా లాగుడు ఎంత ఉన్నా నీళ్లు కదలవు. గాలి నడక పూర్తిగా ఆగిపోయినప్పుడే గేజీ ముల్లు అన్నిటికన్నా పైకి వెళ్తుంది. ముల్లు పైన ఉందని సంతోషపడటం మనందరం చేసే మొదటి తప్పు.

కాబట్టి ముందు రీడింగులు తీయండి. అరగంట పని. వ్యాన్ ఇంటి ముందే పెట్టుకుని, ఇంజన్‌ను పని చేసే స్పీడులోనే ఉంచి, ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి.

మొదటి రీడింగు: హోస్ మొత్తం తీసేయండి. వేస్ట్ ట్యాంకు నోరు తెరిచి ఉన్నప్పుడు గేజీ ఎంత? నా బండిలో 1 దగ్గర ఉంటుంది. మీకు 3, 4 చూపిస్తే అడ్డం బండి లోపలే ఉంది. అది సాధారణంగా ట్యాంకులోని ఫిల్టర్.

రెండోది: ఆ నోటిని పూర్తిగా మూయండి. ముల్లు ఎంతకు చేరి ఆగుతుందో అదే మీ వాల్వ్ సెట్టింగు. 12కి కూడా చేరలేదంటే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా బెల్టు జారుతోంది, లేదా బ్లోవర్ అరిగింది. మూయడానికి అరచెయ్యి వద్దు. రెండంగుళాల నోటి మీద 12 అంగుళాల వాక్యూమ్ అంటే ఎనిమిది కిలోలకు పైగా బలం. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక తూరి అరచెయ్యి పెట్టాడు, వారం రోజులు చేతి మీద గాజు పెట్టినట్టు గుండ్రటి నల్లమచ్చ. పాత ట్యూబు రబ్బరు అంటించిన చెక్కముక్క చాలు. రీడింగు తీసుకోగానే తెరిచేయండి, నిమిషాల తరబడి మూసి ఉంచొద్దు.

మూడోది: మీరు లాడ్జిలో వాడిన హోసులన్నీ అదే వరసలో కలిపి, చివరి కొన మూయండి. రెండో రీడింగుకూ దీనికీ తేడా వస్తే ఆ తేడా హోస్‌లో, హోసులను కలిపే కఫ్‌లలో ఉన్న లీకు.

నాలుగోది, అసలైనది: అవే హోసులు, వాండ్ (కార్పెట్ మీద లాగే స్టీలు గొట్టం) లేకుండా, కొన తెరిచి. ఇప్పుడు కనిపించేదంతా హోస్ రాపిడి మింగేసేది. నా బ్లోవర్ సుమారు 200 సీఎఫ్ఎం. వంద అడుగుల రెండంగుళాల హోస్ కొన తెరిచి పెడితే గేజీ 4, 5 మధ్య నిలుస్తుంది. మీ వరసలో ఇదే రీడింగు 10, 11 వస్తుందని నా అనుమానం. అట్లా వస్తే కేసు తేలిపోయినట్టే. కార్పెట్ తగలకముందే మీ లాగుడంతా గొట్టంలో ఖర్చయిపోయింది. ముల్లు 12 దాకా పోయిందంటే వాల్వ్ తెరుచుకుని, బ్లోవర్ పై నుంచి కాకుండా పక్కనున్న వాల్వ్ లోంచే సుఖంగా గాలి పీల్చుకుంటోంది. మీరు మూడో అంతస్తులో చెమటలు కక్కుతున్నారు, బండి కింద బజారు గాలి తింటోంది.

ఒక మెలిక చెప్పాలి. గేజీ ఎక్కడ బిగించారో చూసుకోండి. ఫిల్టర్‌కూ బ్లోవర్‌కూ మధ్య ఉంటే ఫిల్టర్ మూసుకుపోయినా ముల్లు పైకే వెళ్తుంది. ట్యాంకు మీద, అంటే ఫిల్టర్‌కు ఇవతల ఉంటే, ఫిల్టర్ మూసుకుపోయి గాలి నడవకపోయినా ముల్లు కిందికే చూపిస్తుంది. ఒకే జబ్బు, రెండు బళ్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి అంటున్నారు కాబట్టి పాత యజమాని గేజీని ఎక్కడికైనా మార్చి ఉండొచ్చు.

ఇక హోస్ సంగతి. మీ కేసులో ప్రధాన ముద్దాయి ఇదే అనుకుంటున్నా, అందుకే కొంచెం నిలబడి మాట్లాడతా. ఒకటిన్నర అంగుళం, రెండంగుళాలు పక్కపక్కన పెడితే పెద్ద తేడా ఉన్నట్టు కనిపించదు. అదే గాలిని రెండిటి గుండా పంపితే రాపిడి నష్టం ఒకటిన్నర అంగుళంలో నాలుగింతలకు పైనే ఉంటుంది. అది వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా పోతుంది కాబట్టి అంత తేడా. అంటే రెండంగుళాల హోస్ వంద అడుగులు తినేదాన్ని ఒకటిన్నర అంగుళం పాతిక అడుగులు కూడా తిరగకముందే తినేస్తుంది. మీరేమో వంద అడుగులు పెట్టారు. తిరగేయండి. వ్యాన్ నుంచి పైదాకా రెండంగుళాలే పోవాలి, చివర వాండ్ దగ్గర చేతికి తేలిగ్గా తిరగడానికి మాత్రం పది పదిహేను అడుగులు ఒకటిన్నర అంగుళం. ఈ ఒక్క మార్పుతోనే మీ సమస్య చాలా మటుకు తీరుతుంది.

హోస్ ఎక్కడ కొంటారు? మోటారు సామాన్లు అమ్మే షాపుల్లో రైతులు కొనే పచ్చ సక్షన్ పైపు ఉంటుంది చూడండి, గట్టిది, లోపల నున్నగా ఉండేది. నేను వ్యాన్ నుంచి మెట్ల దాకా అదే వాడతా. బరువెక్కువ గానీ నలగదు, మడత పడదు. లోపల గీతలు గీతలుగా ఉండే ముడతల గొట్టం చవగ్గా వస్తుంది, కానీ ఆ ప్రతి ముడతా గాలికి అడ్డమే. ఎండాకాలంలో ఇంకో తలనొప్పి, మెత్తటి పీవీసీ హోస్ మేడ మీద ఎండలో పరిచి అందులో వేడినీళ్లు లాగితే అది మెత్తబడి చప్పగా మూసుకుపోతుంది. రోహిణి కార్తెలో నేను హోస్ మీద తడి గోనెపట్టాలు వేస్తా. పై అంతస్తు బాల్కనీ రెయిలింగ్ మీద హోస్ వంగే చోటు కూడా చూడండి. అక్కడ గొట్టం బరువుకు అదే నలిగి సగం మూసుకుంటుంది. పాత స్కూటర్ టైరు ముక్క ఒకటి రెయిలింగ్ మీద వేసి దాని మీదుగా దింపితే వంపు మెల్లగా తిరుగుతుంది.

ఇది చదివి ఎవరైనా రెండున్నర అంగుళాల హోస్ వేసేస్తే ఇంకా మంచిదేగా అనొచ్చు. అన్నిసార్లూ కాదు. గొట్టం వెడల్పయితే లోపల గాలి వేగం తగ్గుతుంది. నీళ్లు గాలిలో తుంపరలుగా ఎగురుతూ రావాలి, లేకపోతే గొట్టం అడుగున నిలబడి గుడగుడమని ముద్దలు ముద్దలుగా వస్తాయి. మూడో అంతస్తు నుంచి కిందికి దిగేటప్పుడు ఇది పెద్ద బాధ కాదు, నీళ్లకు కిందికి దిగడం తెలుసు. సెల్లార్‌లో పని ఉన్నప్పుడు చూడండి తమాషా. 12 అంగుళాల పాదరసం అంటే నిలువుగా నాలుగు మీటర్ల చిల్లర నీటి స్తంభం, అంతే. తిరుచానూరు రోడ్డు వైపు ఒక మండపంలో సెల్లార్ డైనింగ్ హాలు కార్పెట్ చేస్తూ నేను రెండున్నర అంగుళాల హోస్ వేశాను. నిలువు గొట్టంలో నీళ్లు నిలబడిపోయాయి. వాండ్ ఎత్తితే ఒక్కసారిగా గుప్పుమని పోవడం, పెడితే ఆగిపోవడం. మళ్లీ రెండంగుళాలకు మారగానే సాఫీగా నడిచింది. చిన్న బ్లోవర్‌కు రెండంగుళాలే సరి.

ఇక ఫిల్టర్. మన ఊళ్లో ఫిల్టర్‌కు పట్టే జబ్బులు వేరే ఊళ్లలో ఉండవు. కల్యాణ మండపం ఎర్ర కార్పెట్ మీద పెళ్లి మర్నాడు ఏముంటాయో మీకు తెలుసు: అక్షింతలు, పూలరేకులు, జీలకర్ర, కుంకుమ. పొడిగా ఉన్నప్పుడు మామూలు వాక్యూమ్‌తో ఎత్తేయకుండా నేరుగా నీళ్లు కొట్టామనుకోండి, అక్షింతలు వేడినీళ్లలో ఉబ్బుతాయి. ఒక తూరి నేను ట్యాంకు మూత తీసి చూస్తే ఫిల్టర్ జాలీ చుట్టూ పసుపు అన్నం అరంగుళం మందాన పేరుకుని ఉంది. చేత్తో గీరితే పులిహోర లాగా వచ్చింది. ఆ రోజు నేను కూడా బెల్టు జారుతోందనే అనుకుని అరగంట బెల్టుతో కుస్తీ పట్టాను. లాడ్జీల్లో అయితే వెంట్రుకలు, చందనం. గుండు చేయించుకుని తలకు చందనం రాసుకున్నవాళ్లు సోఫాకు తల ఆనించి పడుకుంటారు, పాపం వాళ్ల తప్పేం లేదు. ఆ చందనం పొడి తడిసి జాలీ కన్నాలకు సున్నం కొట్టినట్టు పడుతుంది. చూడ్డానికి జాలీ శుభ్రంగానే ఉన్నట్టుంటుంది, వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే కన్నాలు కనిపించవు. నేను ప్రతి రెండు గదులకూ జాలీ తీసి కడుగుతా, మండపంలో అయితే గంటకోసారి. పెళ్లి కార్పెట్‌కు ముందు పొడి వాక్యూమ్ తప్పనిసరి, ఆ గంట మిగుల్చుకుందామని చూడొద్దు.

నురగ గురించి కూడా ఇక్కడే చెప్తా. లాడ్జి రూమ్ బాయ్‌లు మరకలకు సర్ఫు నీళ్లు చల్లి బ్రష్ కొట్టి వదిలేస్తారు. మీరు వేడినీళ్లు కొట్టగానే ఆ సర్ఫంతా లేచి ట్యాంకు నిండా నురగవుతుంది. నురగ ఫిల్టర్‌లోకి, అక్కడి నుంచి బ్లోవర్‌లోకి పోతే తుప్పుకు పిలుపు. నురగకు బంతి పైకి తేలి, ట్యాంకులోని బంతి వాల్వ్ ముందే మూసుకుంటే సక్షన్ ఉన్నట్టుండి పోతుంది. నురగ చంపే మందు కొంచెం వాండ్ నోటి దగ్గర పీల్పిస్తే దారిపొడుగునా పని చేస్తుంది. చాలామంది ట్యాంకులో పోస్తారు, అది ఆలస్యం.

వాండ్ లోపల చూశారా? బయట స్టీలు తళతళలాడుతుంటుంది, లోపల ఎవరూ చూడరు. లోకల్‌గా వెల్డింగ్ చేయించిన నా మొదటి వాండ్‌లో వంపు దగ్గర వెల్డింగ్ పూస లోపలికి బఠాణీగింజంత పొడుచుకొచ్చింది. దానికి జుట్టు చిక్కుకునేది, జుట్టుకు దూది పట్టేది, దూదికి మట్టి. నెలకొక పిచ్చుకగూడు తయారయ్యేది. సన్నటి ఆకురాయి లోపలికి దూర్చి నున్నగా గీయించాక ఆ బాధ పోయింది. టార్చి లైటు ఒక కొసన పెట్టి రెండో కొసలోంచి చూడండి. కింద పెదవికి టెఫ్లాన్ గ్లైడ్ (కార్పెట్ మీద జారడానికి వేసే పట్టీ) ఉంటే దాని కన్నాలు కూడా చూడండి, అవి మూసుకుంటే గేజీ అబ్బో అనిపిస్తుంది, కార్పెట్ మాత్రం తడిగా ఉంటుంది. గ్లైడ్ ఒక పక్క అరిగితే ఆ పక్క నుంచి పైగాలి దూరుతుంది, ఈసారి గేజీ పడిపోతుంది. వాండ్‌ను వెనక్కి లాగేటప్పుడు పట్టు కోణం కొంచెం మారినా పెదవి ఎత్తుకుంటుంది. కుర్రాళ్లు అలిసిపోయే వేళకు, మధ్యాహ్నం మూడు తర్వాత, ఇది ఎక్కువ.

బెల్టు గురించి రెండు మాటలు. ఈ రకం బ్లోవర్‌ను రూట్స్ బ్లోవర్ అని పాత మెకానిక్‌లు అంటారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంట్ తీసుకున్నారు కాబట్టి ఆ పేరు. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే రెండు లోబులు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ చుట్టుకింత అని గాలిని పట్టి అవతలికి తోస్తాయి. అంటే చుట్లు ఎన్ని తగ్గితే గాలి అంత తగ్గుతుంది. బెల్టు పదో వంతు జారితే గాలి కూడా పదో వంతు పైనే పోతుంది. ఖాళీగా తిరుగుతున్నప్పుడు బెల్టు జారదు, బరువు పడ్డప్పుడే జారుతుంది. అందుకని రెండో రీడింగు తీసేటప్పుడు చెవి పెట్టి వినండి, కీచుమంటే అదే. బెల్టులు రెండుంటే రెండూ ఒకేసారి మార్చండి. పాతదొకటి కొత్తదొకటి వేస్తే బరువంతా కొత్తది ఒక్కటే మోస్తుంది.

బ్లోవర్ బయటికి గాలి వదిలే వైపు చాలామంది చూడరు. తెల్లవారుజామున పని చేస్తుంటే యాత్రికులు నిద్ర లేస్తున్నారని లాడ్జివాళ్లు గొడవ పెడితే, నేనొక పాత కారు సైలెన్సర్ కొని బ్లోవర్ ఔట్‌లెట్‌కు వెల్డింగ్ చేయించాను. చప్పుడు తగ్గింది. వారం తర్వాత బ్లోవర్ ఒళ్లు ముట్టుకోలేనంత వేడి. బయటికి పోయే దారి ఇరుకైతే బ్లోవర్ రెండు వైపులా పోట్లాడాల్సి వస్తుంది. ఔట్‌లెట్ కన్నా చిన్నది ఏదీ తగిలించకండి. మాటల్లో మాట, ఇంజన్ పొగ పోయే దారి కూడా చూసుకోండి. సెల్లార్‌లో, మూసిన షెడ్డులో వ్యాన్ పెట్టి ఇంజన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. హోస్ ఎంత పొడుగైనా సరే బండి బయటే ఉండాలి.

ఇప్పుడు వాల్వ్ దగ్గరికి వద్దాం. 15కి బిగిస్తే ఏమవుతుంది? మన దగ్గర నేలమట్టంలో 12 అంగుళాల వద్ద బ్లోవర్ లోపలికీ బయటికీ ఒత్తిడి నిష్పత్తి సుమారు 1.7. 15 వద్ద అది 2 దాటుతుంది. గాలి లెక్క ప్రకారం చూస్తే 12 వద్ద గాలి వేడి మరో 60 డిగ్రీల దాకా పెరుగుతుంది, 15 వద్ద ఆ పెరుగుదల 90 దాటుతుంది. దీనికి బయటి ఎండ కలపండి. తిరుపతిలో మే నెలలో 42 డిగ్రీలంటే మామూలే. అంటే 130 దాటిన గాలి, అది కూడా లీకులు లేని బ్లోవర్ అయితే, అరిగినదైతే ఇంకా ఎక్కువ. లోబులకూ గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో ఏ కొద్ది వంతో. వేడికి లోబులు ఉబ్బి గోడను తాకితే ఒక్క క్షణంలో పట్టేస్తాయి. నాది పట్టేసినప్పుడు కడాయిలో రాయి వేసి తిప్పినట్టు చప్పుడొచ్చింది, ఆ వెంటనే బెల్టు తెగి బానెట్‌కు కొట్టుకుంది. ఇంజన్ మీద బరువు కూడా గాలి పరిమాణాన్ని లాగుడుతో హెచ్చించినంత కాబట్టి, 12 నుంచి 15 అంటే పాతిక శాతం ఎక్కువ. దీనంతటికీ బదులుగా కార్పెట్‌కు దక్కేది దాదాపు సున్నా, ఎందుకంటే గొట్టం ఇంకా ఒకటిన్నర అంగుళమే.

సరే, హోసులు మార్చి, లీకులు మూసి, ఫిల్టర్ కడిగాక అప్పుడు వాల్వ్ సెట్టింగు సరిచూడండి. బ్లోవర్ ప్లేటు మీదో, దాని మాన్యువల్‌లోనో ఎంతవరకు వాక్యూమ్ అనుమతి ఉందో ముందు చూడండి. అదే మీ లక్ష్మణరేఖ. ఇంజన్ పది నిమిషాలు వేడెక్కాక, వాల్వ్ స్ప్రింగ్‌ను పూర్తిగా వదులు చేసి, ట్యాంకు నోటిని చెక్కతో మూసి, పావు చుట్టు పావు చుట్టు బిగిస్తూ రండి. ప్రతి బిగింపుకూ మధ్య నోరు తెరవండి. 12 దగ్గర ఆపి లాక్ నట్ వేయండి. వాల్వ్ స్ప్రింగు ఎప్పుడూ చెప్పిన చోటే తెరుచుకోదు. 12కి పెట్టింది పదిన్నర దగ్గరే గాలి పీల్చడం మొదలెడుతుంది. పని చేసేటప్పుడు వాల్వ్ దగ్గర ఒక పలచని కాగితం పట్టుకుంటే తెలుస్తుంది. కాగితం వాల్వ్‌కు అంటుకుందంటే మీ గాలి అక్కడ కారిపోతోంది. స్ప్రింగుకు తుప్పు పట్టి సగం తెరిచే ఉండిపోయిన వాల్వులు కూడా చూశాను, అలాంటప్పుడు బిగించడం కాదు, మార్చడమే.

మీది చిత్తూరు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు హార్స్‌లీ హిల్స్ రిసార్టుల పని తగులుతుంది. అది సుమారు 1,265 మీటర్ల ఎత్తు. కింద గాలి ఒత్తిడి 29 అంగుళాల పైన ఉంటే అక్కడ 26 లోపే. వాల్వ్‌కు ఈ సంగతి తెలియదు, అది 12 అంటే 12కే తెరుచుకుంటుంది. కానీ 26 లోంచి 12 లాగడం అంటే బ్లోవర్‌కు కింద పదమూడున్నర లాగినంత శ్రమ. పైగా గాలి పలచనై ఇంజన్ బలం కూడా తగ్గుతుంది. నేను అక్కడికి వెళ్తే వాల్వ్‌ను పదిన్నరకు దించుకుంటా, దిగొచ్చాక మళ్లీ 12. మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక, మదనపల్లెలో నింపుకున్న పెట్రోల్‌లో కల్తీ ఉందని బంకువాడిని దారంతా తిట్టుకున్నా.

కొత్తగా బండి కొన్నారు కాబట్టి ఇంకొకటి. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా మండపాల పని ఉండదు, బండి నెల రోజులు నిలబడుతుంది. లోబులు చాలా బ్లోవర్లలో పోత ఇనుమే. చివరి పని నాడు లోపలికి పోయిన తేమ అక్కడే కూర్చుని తుప్పవుతుంది, మూఢం వదిలిన మర్నాడు ఇంజన్ స్టార్ట్ చేస్తే పుల్లీ కదలదు. రోజూ పని ముగిశాక హోస్ తీసేసి ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి, బ్లోవర్ ఇన్‌లెట్ దగ్గర తుప్పు పట్టనివ్వని ఆయిల్ స్ప్రే కొట్టి ఆపండి. పట్టేసి ఉంటే ఇంజన్‌తో తిప్పే ప్రయత్నం మాత్రం చేయొద్దు. ప్లగ్ వైరు పీకేసి, తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఉంచి, చేత్తో పుల్లీని ముందుకూ వెనక్కూ ఊపండి. గేర్ల వైపు ఆయిల్ లెవల్ కూడా అప్పుడే చూసుకోండి.

బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, నేను గేజీ చూడను, క్యాన్లు లెక్కపెడతా. మంచినీళ్ల ట్యాంకులోకి 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఐదు పోయండి, వంద లీటర్లు. పని అయ్యాక వేస్ట్ ట్యాంకులో ఎన్ని క్యాన్లు తిరిగొచ్చాయి? నాలుగు, నాలుగుంపావు వస్తే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. మూడే వచ్చాయంటే నలభై లీటర్లు లాడ్జివాడి కార్పెట్‌లో, దాని కింది ఫోమ్‌లో దాచిపెట్టి వచ్చారన్నమాట. ఫోమ్‌లోకి దిగిన నీళ్లు రెండు రోజులకు కాదు, నాలుగు రోజులకు కూడా రావు, వాసన మాత్రం మూడో రోజే వస్తుంది. ఒకసారి నీళ్లు కొట్టి లాగితే, నీళ్లు ఆపి మరో రెండుసార్లు ఉత్తినే లాగండి. అన్నీ సరిగ్గా ఉంటే ఫ్యాన్ల కింద ఆరేడు గంటల్లో కాలికి తడి తగలకూడదు. నవంబరులో ముసురు పట్టినప్పుడు మాత్రం ఈ లెక్క నడవదు. మనకు అసలు వానలు అప్పుడే, గాలిలోనే తడి ఉంటే కార్పెట్ ఎక్కడ ఆరుతుంది? ఆ నెలల్లో లాడ్జి మేనేజర్‌కు ముందే చెప్పి, గదిని రెండు రోజులు బుకింగ్‌లోంచి తీయిస్తా.

మీ బ్లోవర్ ఇంజన్‌తో కాకుండా జనరేటర్ మీద నడిచే వాక్యూమ్ మోటార్లతో పని చేసే రకమైతే వాల్వ్ కథంతా మీకు వర్తించదు. అందులో ముందు చూడాల్సింది వోల్టేజీ, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, అరిగిన కార్బన్ బ్రష్‌లు. మీరు బెల్టు అన్నారు కాబట్టి ఆ దారిలోకి పోలేదు.

రేపు ఆ నాలుగు రీడింగులూ తీసి ఇక్కడే రాయండి. గేజీ, వాల్వ్ రెండూ కనిపించేట్టు ఒక ఫోటో కూడా పెట్టండి. మీ మెకానిక్‌తో పేచీ వద్దు. నాలుగో రీడింగు తీసేటప్పుడు ఆయన్నే గేజీ దగ్గర నిలబెట్టండి.